655 దగ్గర ఇరుక్కున్న షాఫ్టు: వర్లింగ్ రిగ్, ఐదో వారం

నిన్న రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో కట్టుకున్న వర్లింగ్ రిగ్‌లో (తిరిగే షాఫ్టు విల్లులా వంగి ఊగడం చూసే ఏర్పాటు) షాఫ్టు మొదటిసారి క్రిటికల్ స్పీడు, అంటే ఊపు అన్నిటికన్నా ఎక్కువయ్యే స్పీడు, దాటింది. డిస్కు ఊగడం ఒక్కసారిగా ఆగిపోయి, రాడ్డు గీత గీసినట్టు నిటారుగా తిరిగింది. మూడు వారాలు దీని కోసమే కూర్చున్నాను. ఆ నిశ్శబ్దం విన్నాక నిద్ర పట్టలేదు.

రిగ్ ఇది. షాఫ్టుగా 6 మి.మీ. రాడ్డు, రెండు 626 నంబరు బేరింగుల మధ్య 600 మి.మీ., నడుమ అర కిలో డిస్కు. పాత ప్రింటర్ నుంచి తీసిన 24 వోల్టుల డీసీ మోటారు, పెట్రోలు పైపు ముక్కతో కప్లింగ్. బేరింగులు ఎస్‌కేఎఫ్ 2జెడ్ (రెండు పక్కలా రేకు మూతలున్నవి) వేశాను. రబ్బరు సీలున్నవి ఇలాంటి చిన్న మోటారుకు వద్దే వద్దు, సీలు రాపిడికే సగం బలం పోతుంది. లెక్క ప్రకారం క్రిటికల్ 675 ఆర్‌పీఎం రావాలి (రాడ్డు సొంత బరువులో 17/35 వంతు కలిపాను, కలపకపోతే 718 వస్తుంది). రిగ్‌లో 655 దగ్గర తేలింది. చెక్క బేస్ మీద ఇది చాలు.

అసలు బాధ వేరే. వోల్టేజి ఎంత పెంచినా స్పీడు 655 దాటేది కాదు. ట్యాకోమీటరు (స్పీడు కొలిచేది), మల్టీమీటరు పక్కపక్కన పెట్టుకుని రాసుకున్న అంకెలు ఇవి. 4 వోల్టులకు 460. 4.5కి 550. 5కి 628. ఇంతవరకు వోల్టుకి తగ్గట్టు స్పీడు పెరుగుతోంది. ఆ తర్వాత 5.5కి 645, 6కి 649, 6.5కి 652, 7కి 654. అంటే చివరి రెండు వోల్టులకు కలిపి వచ్చింది 26 ఆర్‌పీఎం. అదే సమయంలో కరెంటు 0.21 ఆంపియర్ల నుంచి 0.45కి ఎక్కింది. డిస్కు వెనక స్కేలు పెట్టి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి చూస్తే, ఊపు ఒక పక్కకే 11 మి.మీ. ఉంది. అక్కడ టెన్షన్ పట్టి ప్రతిసారీ ఆపేసేవాణ్ని. ఎందుకంటే రెండో వారంలో ఇంకాస్త పెంచి చూస్తే మొదటి రాడ్డు శాశ్వతంగా వంగిపోయింది.

కారణాలు ఒక్కొక్కటిగా వెతికాను. ముందు పైపు ముక్క జారుతోందేమో అనుకుని రాడ్డు మీద, పైపు మీద కలిపి మార్కరు గీత పెట్టాను. పది నిమిషాలు తిప్పినా గీత చెదరలేదు. పవర్ సప్లై చాలడం లేదేమోనని బైకు హెడ్‌లైటు బల్బు పెట్టి చూస్తే 3 ఆంపియర్లు సులువుగా ఇచ్చింది. బేరింగులు వరుసలో లేవేమోనని దారం లాగి సరిచేసి, కింద సిగరెట్ పెట్టె అట్ట ముక్కలు పెట్టాను. 655 కదలలేదు.

తర్వాత ఊపుకి అడ్డం పెడదామనుకున్నాను. మా పర్లాకిమిడిలో కొమ్ము పని అందరికీ తెలిసిందే. మా వీధి చివర కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసే తాతగారిని అడిగితే గేదె కొమ్ము ముక్కకి 12 మి.మీ. బెజ్జం వేసి నున్నగా పాలిష్ పట్టి ఇచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. దాన్ని పావు పొడవు దగ్గర బిగించాను. రాడ్డు చుట్టూ 3 మి.మీ. ఖాళీ, అంటే డిస్కు దగ్గర నాలుగున్నర లోపే ఆగాలి. ఆగింది. కానీ రాడ్డు ఆ రింగుని తాకిన దగ్గర్నుంచి కటకటమని కొట్టుకుని, స్పీడు 610కి పడిపోయి, ఇల్లంతా జుట్టు కాలిన కంపు. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. రాపిడి కూడా మోటారు బలాన్నే తింటుందని ముందే తట్టాల్సింది.

దారి చూపించింది మావయ్య. ఆదివారం పాతపట్నం నుంచి వచ్చి, తన లేత్ మీద తిప్పిన డిస్కు ఎలా ఉందో చూస్తానన్నాడు. 7 వోల్టులు పెట్టి చూపించాను. కాసేపు విని, "ఏటిరా ఇది, బురదలో దిగిన ట్రాక్టరులా ఉంది. నువ్వు యాక్సిలరేటర్ ఇస్తన్నకొద్దీ బురద చిమ్ముతోంది గానీ బండి కదల్లేదు" అన్నాడు. కరెంటు రెట్టింపై, స్పీడు పెరగకపోతే ఆ బలమంతా ఎక్కడికి పోతోంది? ఊపులోకే. ఆ ప్రశ్న నేను మూడు వారాల ముందే వేసుకోవాల్సింది.

మావయ్య వెళ్లాక భయం పక్కన పెట్టి 7.2 వోల్టులకు తెచ్చాను. స్పీడు 655 నుంచి ఒక్క ఉదుటున 1070కి దూకింది. కరెంటు 0.2కి పడిపోయింది. అప్పుడు వోల్టేజి మెల్లగా తగ్గిస్తూ వచ్చాను. 5.6 దగ్గర చూస్తే 750! ఎక్కేటప్పుడు అదే 5.6కి 645 ఉండేది. ఒకే వోల్టేజి, రెండు స్పీడులు. ఇంకా తగ్గిస్తే 5.4 దగ్గర 720 వరకు పట్టుకుని, మళ్లీ ఊపులో పడిపోయింది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ అంతే.

దీన్ని 1902లోనే జర్మనీ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ వివరించాడు. బలం తక్కువ మోటారు రెజొనెన్స్ (తిరిగే స్పీడు షాఫ్టు సహజ ఊపుతో కలిసే చోటు) దగ్గరికి వస్తే, మనం ఇచ్చే అదనపు శక్తి స్పీడుని కాక ఊపుని పెంచుతుంది. ఒక హద్దు దాటాకే దూకుతుంది. మనం పరీక్షలకు చదివే సమీకరణాల్లో ఒమేగా (తిరిగే వేగం) మన చేతిలో ఉన్నట్టు రాసేస్తాం. డంపింగ్ (ఊపుని అణిచే రాపిడి) గురించి పేజీలు పేజీలు ఉంటాయి, మోటారు గురించి ఒక్క వాక్యం ఉండదు. నా అభిప్రాయంలో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ ల్యాబులో అన్నిటికన్నా ముందు చూపించాల్సింది ఇదే.

రుజువు కోసం డిస్కు అంచు మీద డయల్ గేజ్ (చిన్న తేడాలు ముల్లుతో చూపించేది) పెట్టాను. మొత్తం 1 మి.మీ. తేడా, అంటే కేంద్రం అర మి.మీ. పక్కకుంది. 250 గ్రామ్-మిల్లీమీటర్ల అన్‌బ్యాలెన్స్. 35 మి.మీ. దూరంలోని బెజ్జంలో ఎదురుగా 5 గ్రాముల బోల్టు బిగించాను. ఇంకో 75 మిగులుతుంది, అది కావాలనే ఉంచాను. ఈసారి 5.3 వోల్టులకే దాటేసింది, 655 నుంచి 700కి చిన్న గెంతు అంతే. ఊపు 4 మి.మీ. కూడా లేదు. ఐదు గ్రాములు!

బోల్టు తీసేసి 9 వోల్టులు ఒక్కసారిగా ఇచ్చినా దాటేస్తోంది. సెకనులోపే అయిపోతుంది, ఊపు పెరగడానికి సమయమే దొరకదు. టర్బైన్లను క్రిటికల్ దగ్గర ఆగకుండా తీసుకెళ్లేది ఇందుకే. మెల్లగా, జాగ్రత్తగా తిప్పడమే నేను చేసిన తప్పు.

1000 పైన డిస్కు తన బరువు కేంద్రం చుట్టూ తానే తిరుగుతోంది. క్రిటికల్ దాటితే నిలకడ ఉండదని 1869లో ఇంజినీరు రాంకిన్ రాశాడు. తర్వాత స్వీడన్ ఇంజినీరు డి లావల్ సన్నటి షాఫ్టుతో టర్బైన్‌ని క్రిటికల్ పైనే తిప్పి చూపించాడు. 1919లో జెఫ్‌కాట్ లెక్క తేల్చాడు. ఆ వరుసంతా మా వరండాలో కనిపించిందంటే ఇంకా నమ్మలేకపోతున్నాను.

మిగిలింది 655 నుంచి 720 వరకు ఉన్న ఖాళీ. బోల్టు లేని గ్రాఫులో అక్కడ ఒక్క పాయింటూ లేదు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు, ఆర్డినో (చిన్న కంట్రోలు బోర్డు)తో స్పీడు చూసి వోల్టేజి సవరించే లూపు రాయాలి. లేదా మావయ్య షాపులో మూల పడున్న పావు హెచ్‌పీ ఇండక్షన్ మోటారుకి స్టెప్ పుల్లీ వేయాలి. నాకు రెండోదే ఇష్టం, లోడు పడినా దాని స్పీడు పెద్దగా తగ్గదు. సుద్దముక్క ఆనించి, క్రిటికల్ పైన డిస్కులో బరువున్న పక్క లోపలికి తిరగడం కూడా చూడాలి. ఇంకొకటి, 330 దగ్గర చిన్న వణుకు కనిపిస్తోంది. క్రిటికల్‌లో దాదాపు సగం. డిస్కు బరువు వల్ల వచ్చేదే అనుకుంటున్నాను. ఫోనుని బేరింగు దిమ్మకి కట్టి ఫైఫాక్స్ అనే యాప్‌తో స్పెక్ట్రం (ఏ వేగంలో ఎంత వణుకుందో చూపే గ్రాఫు) తీస్తాను. శనివారం మావయ్య మోటారు తెస్తానన్నాడు, ఆలోపు ఆ వణుకు సంగతి చూడాలి.