యథేచ్ఛసి తథా కురు

గీత 18వ అధ్యాయంలో 63వ శ్లోకం దగ్గరికి వచ్చేసరికి ఈ మధ్య నా గొంతు ఆగిపోతోంది.

ఇతి తే జ్ఞానమాఖ్యాతం గుహ్యాద్గుహ్యతరం మయా
విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు

రహస్యం కంటే రహస్యమైన జ్ఞానాన్ని నీకు చెప్పాను, దీన్ని పూర్తిగా ఆలోచించుకొని నీకెలా ఇష్టమైతే అలా చెయ్యి అంటున్నాడు కృష్ణుడు. ఇరవై ఏళ్లకు పైగా చదువుతున్నాను కదా, మూడు శ్లోకాల తర్వాత వచ్చే ‘సర్వధర్మాన్ పరిత్యజ్య’ కోసం తొందరపడి ఎప్పుడూ దీన్ని దాటేసేదాన్ని. దీని ముందు నన్ను నిలబెట్టింది మా అమ్మాయి.

ముందు నా సంగతి చెప్పాలి. పెళ్లయి నల్లకుంటలో అత్తగారింటికి వచ్చినప్పుడు రెండు గదుల్లో ఏడుగురం. బీరువాలో నాకంటూ ఒక అర కూడా ఉండేది కాదు. చీకటితోనే లేచి, స్నానం చేసి, వంటింట్లో దేవుడి గూడు ముందు కూర్చుని గీత చదవడం మొదలుపెట్టాను. వీధి చివర గుళ్లో ఒక పెద్దాయన సాయంత్రాలు ఉచ్చారణ నేర్పేవారు. పూజలో ఉన్నానంటే మా అత్తగారు కూడా పిలిచేవారు కాదు. పాలవాడు వచ్చేదాకా ఆ అరగంట నాది. రోజు మొత్తంలో నా గొంతు నాకు వినపడేది అప్పుడే. ‘ఉద్ధరేదాత్మనాత్మానం’, నిన్ను నువ్వే పైకి తెచ్చుకోవాలి అన్న ఆరో అధ్యాయం మాటను పట్టుకునే మధ్యలో ఆపేసిన డిగ్రీ పూర్తి చేశాను, ఉద్యోగంలో చేరాను. భక్తి ఆడవాళ్లను కట్టిపడేస్తుందని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నా కట్లు విప్పింది అదే.

అంత మంచిదాన్ని నా బిడ్డకు ఇవ్వకుండా ఎలా ఉంటాను? మాటలు రాగానే శ్లోకాలు నేర్పాను. ఇంటర్‌లో టెన్షన్ పడుతుంటే పుస్తకం చేతిలో పెట్టాను. డిగ్రీ రెండో ఏడు ఒక రాత్రి నా పక్కన కూర్చుని చెప్పింది. “అమ్మా, నాకు నమ్మకం లేదు. ఇన్నాళ్లూ నీ కోసం చేశాను. ఇక నా వల్ల కాదు.” మైకులో గీత వినిపిస్తే ఎవరు పోయారో అని గేటు దగ్గరికొచ్చి చూసే ఊరు మనది. తనకు ఆ శ్లోకాలు వినగానే వాళ్ల తాతయ్యను తీసుకెళ్లిన రోజే గుర్తొస్తుందట. దేవుడు చూస్తున్నాడు, తప్పు చేస్తే మార్కులు పోతాయి అని చిన్నప్పుడు నేను అలవాటుగా అన్న మాటలు ఏళ్ల తరబడి లోపల తిరుగుతూనే ఉన్నాయట. నమ్మడం మానేశాక హాయిగా నిద్ర పడుతోందని చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొన్ని నెలలు మా మధ్య మాటలు కూడా ముక్తసరిగానే సాగాయి.

తన పీజీ సీటు కోసం చిలుకూరు బాలాజీ గుళ్లో నేను 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను. సీటు వచ్చింది. కోరిక తీరాక 108 చేయాలి కదా, నువ్వే చెయ్యాలి అని పట్టుబట్టాను. “మొక్కుకున్నది నువ్వు కదమ్మా. నేను బండి మీద తీసుకెళ్తాను. నువ్వు చేసుకో, ఎంతసేపైనా బయట కూర్చుంటాను” అంది. కోపంతోనే వెళ్లాను.

గండిపేట చెరువు ఒడ్డున ఉన్న ఆ గుడి మీకు తెలుసు. హుండీ ఉండదు. వీసా కోసం వచ్చిన పిల్లలు, పిల్లల కోసం వచ్చిన తల్లులు, అందరూ చేతిలో గళ్ల కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ గోవింద గోవింద అంటూ వడివడిగా నడుస్తుంటారు. నలభయ్యో చుట్టు దాటాక కాళ్లు నొప్పి పుట్టి నడక నెమ్మదించింది. హుండీ పెట్టుకోని స్వామి చుట్టూ తిరుగుతూ, కన్నబిడ్డ దగ్గర బాకీ వసూలు చేయాలని చూస్తున్నానే అనిపించింది. అప్పుడు నోటికి వచ్చింది ఈ శ్లోకం.

కృష్ణుడు హెచ్చరించలేదని కాదు. 58లోనే గట్టిగా అన్నాడు, అహంకారంతో నా మాట వినకపోతే నశిస్తావు అని. చెప్పాల్సినదంతా చెప్పాడు, భయం కూడా చెప్పాడు. ఆ తర్వాత చెయ్యి వదిలాడు. అవతల సేనలు నిలబడి ఉన్నాయి, అయినా వదిలాడు. నన్ను మరీ కదిలించింది ఆ వెంటనే 64లో ఉన్న మాట. ‘ఇష్టోఽసి మే దృఢమ్’. నువ్వంటే నాకెంతో ఇష్టం. అర్జునుడు ‘కరిష్యే వచనం తవ’, నువ్వు చెప్పినట్టే చేస్తాను అని నోరు విప్పేది 73లో. అంతవరకు అతను ఒప్పుకున్నాడో లేదో తెలియదు. ఆ జవాబు కోసం ఎదురుచూడకుండానే ఇష్టం అనేశాడు స్వామి.

67లో ఇంకో మాట ఉంది, ‘న చాశుశ్రూషవే వాచ్యం’. వినాలని లేనివాళ్లకు ఇది చెప్పకు. వినని వాళ్లకు అర్హత లేదని చెబుతున్నాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ఆజ్ఞ నిజానికి చెప్పేవాళ్లకు. అంటే నాకు.

మిగిలిన చుట్లు ఎలా తిరిగానో గుర్తు లేదు. ఒకచోట కళ్లనీళ్లకు కార్డు మీద గడి కనపడక, అక్కడ రెండు చుట్లు ఎక్కువే తిరిగాను.

బయటికి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. మా అమ్మాయి బండి దగ్గర నీడలో మొక్కజొన్న కంకి పట్టుకుని నిలబడి ఉంది. ఇష్టోఽసి మే అని పైకి చెప్పుకునే అలవాటు మన ఇళ్లలో లేదు. “తిన్నావా?” అని అడిగాను.

“లేదు, నీ కోసమే ఆగాను” అని కంకి రెండు ముక్కలు చేసి, పెద్దది నా చేతిలో పెట్టింది.