బొంగరానికి కాగితాలు పుట్టించడం: నా అనుభవం

మా బొంగరాల సంఘం రిజిస్టర్ అయిందని తెలిసినప్పటి నుంచి ఎదురైన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు. "అంటే గవర్నమెంటు గుర్తించినట్టేనా?" కాదండీ. రిజిస్ట్రేషన్ అంటే ఫలానా పేరుతో కొంతమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారని ప్రభుత్వం తన పుస్తకంలో రాసుకోవడం, అంతే. రాష్ట్రంలో క్రీడా ప్రాధికార సంస్థ, అదే మనం శాప్ అంటాం, అది ఒక ఆటను గుర్తించడం వేరు. దేశం మొత్తానికి జాతీయ సమాఖ్యగా గుర్తింపు రావడం ఇంకా వేరు. మేం మొదటి మెట్టు ఎక్కాం. రెండోదాని దగ్గర నిలబడి ఉన్నాం. మూడోది ఇప్పట్లో కనపడేది కాదు. ఈ తేడా ముందే చెప్పకపోతే తల్లిదండ్రులు ఆశపడతారు, తర్వాత మనల్నే నిలదీస్తారు.

మాది అనకాపల్లి జిల్లా. నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. క్రీడలతో నాకున్న సంబంధం ఆదివారం సాయంత్రాలు హైస్కూల్ గ్రౌండ్‌లో నలుగురితో కూర్చోవడమే. అక్కడికి మా పిల్లలు బేబ్లేడ్లు, అంటే ఒకదాన్నొకటి ఢీకొనే బొమ్మ బొంగరాలు, తెచ్చుకుని ప్లాస్టిక్ గిన్నెలో ఢీకొట్టించుకునేవాళ్లు. వాళ్లని చూసి మేం కూడా పాత బొంగరాలు బయటికి తీశాం. తాడు చుట్టి విసిరితే పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. మావాడి స్నేహితుడొకడు అడిగాడు: "అంకుల్, మీ ఆటలో పాయింట్లు ఎలా వేస్తారు?" వాళ్ల ఆటకి లెక్క ఉంది. ఎదుటివాడిది ముందు ఆగిపోతే ఒక పాయింటు, ముక్కలుగా విడిపోయినా గిన్నె పక్క గోతిలో పడినా రెండు, గిన్నె చివరి సందులోంచి బయటికి ఎగిరిపోతే మూడు, ముందు నాలుగు తెచ్చుకున్నవాడు గెలిచినట్టు. బేబ్లేడ్ ఎక్స్ రూల్స్ అవి, వాడు గడగడా అప్పజెప్పాడు. మాలో ఒక్కొక్కరం ఒక్కో సమాధానం చెప్పాం. మా బావ చెప్పింది వాళ్ల వీధి పద్ధతి, నేను చెప్పింది మా వీధిది. జపాన్‌వాళ్లు తమ పాత బొంగరాన్నే మార్చి 1999లో బేబ్లేడ్‌గా అమ్మకానికి పెట్టారు. ఆ బొంగరం పేరు బేగోమా. రూల్స్ రాసుకున్నారు కాబట్టే అది మా ఊరి దాకా వచ్చింది.

మేం కూడా రూల్స్ రాద్దామని కూర్చున్నాం. ఒక సాయంత్రంలో అయిపోయే పని అనుకున్నాం గానీ అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే. ఆఫీసుల చుట్టూ తిరగడం దీని ముందు ఏమీ కాదు.

ముందు ఏ ఆట అన్నదే తేలలేదు. మన వైపు అందరికీ గుర్తున్నది వృత్తం ఆట. నేల మీద గీత గీసి, ఓడినవాడి బొంగరాన్ని మధ్యలో పెట్టి, మిగతావాళ్లు తమ బొంగరం మేకుతో దాన్ని కొట్టడం. గుంటలు పడటం, ఒక్కోసారి రెండు చెక్కలవడం. చూడటానికి అదే మజా. కానీ మా పీఈటీ మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "మేకున్న చెక్కని పిల్లలు గుంపు మధ్యలో విసిరే ఆటకి ఏ స్కూలూ సంతకం పెట్టదు." పెద్దవాళ్లు గొడవ చేశారు. మేకు లేని బొంగరం బొంగరమేనా అన్నారు ఒక తాతగారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. చివరికి మొనదేలిన మేకు తీసేసి, కొస గుండ్రంగా ఉండే ఇనుప మొన పెట్టాలని రాసుకున్నాం. వృత్తం ఆటలో ఎదుటి బొంగరాన్ని గీత దాటించాలి తప్ప పగలగొట్టినందుకు పాయింట్లు లేవు. తాతగారు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు.

మలేషియాలో గాసింగ్ అనే బొంగరాల పోటీలు రెండు రకాలుగా జరుగుతాయని చదివాను. ఎదుటివాడి బొంగరాన్ని కొట్టేది ఒకటి, ఎక్కువసేపు తిరగడం ఒకటి. అక్కడి కెలంతన్ రాష్ట్రం వైపు కిలోల బరువున్న గాసింగ్‌లు కూడా తిప్పుతారు. అలా విడదీస్తే మా గొడవ కూడా తీరుతుందనిపించింది. కొట్టే ఆట ఇష్టమున్నవాళ్లు అందులో, ఓపిక ఉన్నవాళ్లు ఇందులో. విన్యాసాలు మూడోది: గాల్లోంచే అరచేతిలోకి తీసుకోవడం, తాడు మీద ఎక్కించడం వంటివి. వీటికి మార్కులు వేయడం కష్టమని భయపడ్డాం. యోయో పోటీల్లో జడ్జీలు చేతిలో క్లిక్కర్ పెట్టుకుని విన్యాసానికో నొక్కు నొక్కుతారని తెలిసింది. బస్టాండ్ పక్క షాపులో జపం లెక్కపెట్టుకునే మిషన్లు దొరికాయి. మా జడ్జీలకి అవే ఇచ్చాం.

ఎక్కువసేపు తిరిగే పోటీలో మాకు దొరికినన్ని చిక్కులు ఇంకెందులోనూ లేవు. బొంగరం ఎంతసేపు తిరుగుతుందనేది విసిరినవాడి చెయ్యి ఒక్కటే తేల్చదు. బరువు అంచు వైపు ఉంటే ఎక్కువసేపు నిలుస్తుంది, మధ్యలోనే ఉంటే తొందరగా ఊగుతుంది. మట్టి నేల మీద మొన దిగబడిపోతుంది. నున్నటి గచ్చు మీద జారుతూ పోతుంది. అందుకని నేల కూడా రూల్‌లోకి ఎక్కింది: రెండడుగుల చదరపు కడప రాయి, లెవెల్ చూసి పరిచింది. రాయి ఎక్కడైనా దొరుకుతుంది, పోటీ పెట్టే వాళ్లకి భారం కాదు. తాడు నూలుదే, పొడవు మీటరున్నర దాటకూడదు. పొడుగు పెరిగేకొద్దీ ఎక్కువ చుట్లు పడతాయి, వేగం పెరుగుతుంది.

బరువు దగ్గర ఇంకో తమాషా. ఏటికొప్పాక మాకు దగ్గర. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు, 2017లో జీఐ, అదే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి లక్క బొంగరాలు వేళ్లతో తిప్పేవి, మాకు కావలసినవి వేరు. అయినా కర్రని లేత్ మీద గుండ్రంగా తిప్పే చెయ్యి దగ్గర్లో ఉంది కదా అని ఒక కళాకారుడికి కొలతలిచ్చి చేయించాం. ఒకే కొలత, ఒకే కర్ర, అయినా ఏ రెండు బొంగరాలూ ఒకే బరువు లేవు. కర్రలో తడి తేడా అని ఆయన చెప్పారు. వానాకాలంలో కోసిన కర్రకి మరీ ఎక్కువట. అందుకని ఒకే అంకె పెట్టకుండా 60 నుంచి 80 గ్రాముల మధ్య అని రాశాం. పోటీ ఉదయం ప్రతి బొంగరాన్నీ కాటా వేసి స్టిక్కర్ అంటిస్తాం.

గడియారం ఎప్పుడు ఆపాలన్నది ఆఖరి తగాదా. పడిపోయాక కూడా బొంగరం పక్కకి దొర్లుతూ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మొన కాకుండా ఇంకే భాగం రాయికి తగిలినా సమయం ఆగినట్టే అని తీర్మానించాం. అనుమానం వస్తే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో చూస్తాం. మూడు విసుర్లు, అందులో మంచిది లెక్క.

ఇదంతా కాగితం మీద పెట్టాకే రిజిస్ట్రేషన్‌కి వెళ్లాం. అలా చేయడం మంచిదైంది. సంఘం లక్ష్యాలు రాసే చోట "క్రీడాభివృద్ధి" అని గాలిమాట రాయకుండా ఏ ఆట, ఏ పోటీలు అన్నది స్పష్టంగా రాయగలిగాం. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లోది. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మెమొరాండం (లక్ష్యాల పత్రం), బైలాస్ (సంఘం నిబంధనలు), అందరి సంతకాలు, గుర్తింపు కార్డులు, ఆఫీసు అడ్రసుకి ఆధారం. అడ్రసు మా షాపుదే ఇచ్చాను. పేరు మాత్రం ఆడిటర్ గారు మార్పించారు. మావాళ్లు ఉత్సాహంలో "ఆల్ ఇండియా" తగిలించారు. ప్రభుత్వంతో సంబంధం ఉన్నట్టు అనిపించే పేర్లకి 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం అడ్డొస్తుందని ఆయన చెప్పి, జిల్లా పేరు చాలన్నారు. కాగితాలు సరిగా పెడితే ఇందులో పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. రిజిస్టర్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా దాఖలు చెయ్యాలి, లెక్కలు రాయాలి. కోశాధికారిగా మా బావని పెట్టాం. ఆయన రూపాయి కూడా రసీదు లేకుండా ఇవ్వరు, ఆ టెన్షన్ నాకు లేదు.

తర్వాత జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని కలిశాం. రూల్ బుక్, ఫొటోలు, పేపర్ కటింగ్‌లు పట్టుకుని చాలా ధీమాగా వెళ్లాం. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టి ఫొటోలు పక్కన పెట్టేశారు. ఎన్ని మండలాల్లో ఆడుతున్నారు? అమ్మాయిలెంతమంది? అంపైర్లకి శిక్షణ ఎవరిచ్చారు? పోటీలో దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు? పక్క జిల్లాలో మీలాంటి సంఘం ఉందా? మొదటి ప్రశ్న తప్ప మిగతా వాటికి మా దగ్గర సరైన జవాబు లేదు. నాకు ఆ గంట ఎంతో ఉపయోగపడింది. గుర్తింపు కోసం అర్జీ ఇవ్వడం కంటే ఆ ప్రశ్నలకి జవాబులు తయారు చేసుకోవడమే పని అని అర్థమైంది.

పైస్థాయిలో కూడా అడిగేది ఇదే, కాకపోతే అంకెలు పెద్దవి. 2011 జాతీయ క్రీడాభివృద్ధి కోడ్ ప్రకారం జాతీయ సమాఖ్య కావాలంటే దేశంలో మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో అనుబంధ సంఘాలుండాలని ఉండేది. 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది, గుర్తింపు వ్యవహారం జాతీయ క్రీడా బోర్డు చేతిలో పెట్టారు. దారి పొడవే గానీ మూసుకుపోలేదు. కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకి వెళ్లింది. పుణెలో పుట్టిన, స్కేట్ల మీద ఆడే రోల్ బాల్, స్తంభం మీద విన్యాసాలు చేసే మన మల్లఖంబ్, తాడు లాగుడు 2020లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో చేరాయి, ఆ జాబితా 43 నుంచి 63కి పెరిగింది. వీటిలో ఏదీ గుర్తింపు వచ్చాక మొదలైన ఆట కాదు. ముందు ఆడారు, తర్వాత అడిగారు.

ఆ కోటా సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతానికి పెంచాక సర్టిఫికెట్ మీద ఆశ బాగా పెరిగింది. మా మొదటి పోటీలకి ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చి, "సార్, ఫారం రెండు ఇస్తారా?" అని అడిగారు. ఫారం రెండు రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవాళ్లకి ఇచ్చేది, అదీ జాబితాలో ఉన్న ఆటకి. మేం ఇచ్చేది మామూలు ప్రశంసాపత్రం, ఉద్యోగానికి పనికిరాదని చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది గానీ అమ్మాయిని ఆడించే వెళ్లారు.

అందరూ అలా చెప్పరు. జాతీయ సమాఖ్య తమదేనని చెప్పుకుంటూ ఒకాయన నాకు ఫోన్ చేశాడు. అనుబంధ రుసుము కడితే మా జిల్లాకి "గుర్తింపు" ఇస్తాడట. పిల్లవాడికి ఇంత చొప్పున పంపితే వేరే రాష్ట్రంలో రెండు రోజుల "నేషనల్స్" పెట్టి మెడల్, సర్టిఫికెట్ ఇప్పిస్తాడట. బొంగరానికి అడ్డం ఎంత, బరువెంత అని అడిగాను. అదంతా తర్వాత చూసుకోవచ్చన్నాడు. మా కార్యవర్గంలో ఇద్దరు ఒప్పుకుందామన్నారు, పిల్లల సంఖ్య పెరుగుతుందని. ఓటింగ్ పెట్టాం, వద్దనే గెలిచింది. ఆ ఇద్దరిలో ఒకాయన తప్పుకున్నాడు. పోతే పోయాడు. ఇలాంటి వ్యాపారం ఒక ఆటకి అంటుకుంటే రేపు నిజంగా గుర్తింపు వచ్చినా ఆ కాగితాన్ని ఎవడూ నమ్మడు.

ప్రస్తుతం పక్క జిల్లాల్లో ఇద్దరు పీఈటీ మాస్టార్లు మా రూల్స్‌తోనే స్కూల్ పోటీలు పెడుతున్నారు. అంపైర్ల శిక్షణకి ఒక చిన్న పుస్తకం రాశాం, ఎడమచేతి వాటం పిల్లలు విసిరేటప్పుడు పక్కవాళ్లు ఎటు నిలబడాలన్నది కూడా అందులో ఉంది. అమ్మాయిలు వృత్తం ఆట కంటే విన్యాసాలకి ఎక్కువగా వస్తున్నారు, వాళ్ల కోసం ఆ విభాగాన్ని వయసుల వారీగా విడదీస్తున్నాం. తాడు పొడవు మీద మాత్రం మళ్లీ గొడవ లేచింది. పదేళ్ల లోపు పిల్లలకి మీటరున్నర చుట్టడం కష్టమని మాస్టార్లు, తగ్గిస్తే రికార్డులు పోల్చలేమని మావాళ్లు. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో మొదటి అంశం అదే. రెండోది, తాతగారిని గౌరవ సలహాదారుగా రమ్మని అడగడం.