రీకాల్, రెఫరెండంలపై నాకు పట్టు తెచ్చిన 1910 కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నిక

తెలుగు మాధ్యమంలో రాజనీతి శాస్త్రం ఆప్షనల్‌గా మెయిన్స్‌కు సిద్ధమవుతున్న తోటి అభ్యర్థులకు నమస్కారం. రెఫరెండం (చట్టంపై ప్రజల ఓటు), ఇనిషియేటివ్ (ప్రజలే చట్టాన్ని ప్రతిపాదించడం), రీకాల్ (పదవిలో ఉన్నవారిని గడువుకు ముందే ఓటుతో దించడం) వంటి ప్రత్యక్ష ప్రజాస్వామ్య సాధనాలను నిర్వచనాలుగా బట్టీ పట్టడం కంటే, అవి ఎవరికి, ఎందుకు అవసరమయ్యాయో చెప్పే ఒక్క ఎన్నికను లోతుగా చదవడం మేలని నా అనుభవం. నేను ఎంచుకున్నది 1910 నాటి కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నిక.

అప్పట్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ సరుకు రవాణాపై గుత్తాధిపత్యం చెలాయించడమే కాక, రెండు ప్రధాన పార్టీల సమావేశాల్లోనూ అభ్యర్థుల ఎంపికను శాసించేది. దీనిని ఎదిరించేందుకు రిపబ్లికన్ సంస్కరణవాదులు 1907లో లింకన్-రూజ్‌వెల్ట్ లీగ్‌ను స్థాపించారు. వారి అభ్యర్థి హైరమ్ జాన్సన్. శాన్‌ఫ్రాన్సిస్కో అవినీతి కేసులో ప్రాసిక్యూటర్ ఫ్రాన్సిస్ హెనీపై 1908లో కోర్టులోనే కాల్పులు జరిగినప్పుడు, ఆ బాధ్యతను చేపట్టి నగర రాజకీయాలను శాసించిన ఏబ్ రూఫ్‌కు శిక్ష పడేలా చేసిన న్యాయవాది ఆయన. తండ్రి గ్రోవ్ జాన్సన్ శాసనసభలో రైల్వే పక్షాన నిలిచిన నాయకుడు కావడం ఈ పోరాటంలో నన్ను బాగా కదిలించిన అంశం. అభ్యర్థులను ఓటర్లే నేరుగా ఎంచుకునే ప్రైమరీ ఆ ఏడాదే రాష్ట్రంలో తొలిసారి జరిగింది. అది లేకపోతే జాన్సన్‌కు టికెట్టు దక్కడం చాలా కష్టమయ్యేది. రైల్వేను రాజకీయాల నుంచి వెళ్లగొడతానన్న ఒకే నినాదంతో రాష్ట్రమంతటా కారులో తిరిగి, నవంబరులో డెమొక్రాట్ థియోడర్ బెల్‌ను ఓడించారు.

ఫలితం 1911 అక్టోబరు 10న కనిపించింది. ఆ రోజు ఓటర్ల ముందుంచిన 23 రాజ్యాంగ సవరణల్లో 22 ఆమోదం పొందాయి. ఆ మూడు సాధనాలతో పాటు మహిళల ఓటు హక్కు కూడా వాటిలో ఉంది. 2003లో గవర్నర్ గ్రే డేవిస్‌ను పదవి నుంచి దించింది ఈ రీకాల్ నిబంధనే.

గవర్నర్ పదవిపై ప్రశ్న వచ్చినా ఈ అధ్యయనం అక్కరకొస్తుంది. మన రాజ్యాంగ సభ తొలుత ఎన్నికైన గవర్నర్‌నే భావించి, ముఖ్యమంత్రితో పోటీ అధికార కేంద్రం ఏర్పడుతుందనే ఆందోళనతో 1949లో రాష్ట్రపతి నియామకానికి మొగ్గింది. గవర్నర్ నియామకం గురించిన 155వ అధికరణను ఈ నేపథ్యంతో కలిపి రాయండి.

విమర్శనాత్మకంగా పరిశీలించమని అడిగితే 1913 నాటి భూచట్టాన్ని తప్పక ప్రస్తావించండి. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు సాగుభూమి కొనరాదన్న ఆ చట్టంపై సంతకం చేసింది కూడా జాన్సనే. ప్రధానంగా జపనీయులను లక్ష్యంగా చేసుకున్న ఆ నిషేధం, 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులను అనర్హులుగా తేల్చాక, అక్కడ వ్యవసాయం చేస్తున్న పంజాబీ రైతులకూ వర్తించింది.