జీడిపిక్కల ఫ్యాక్టరీలో స్నేహం, పర్లాకిమిడిలో భాగస్వామ్యం: నా అనుభవం

పలాసలో ఒకే జీడి ఫ్యాక్టరీలో పనిచేశాం. నాది బాయిలింగ్, కటింగ్. నా మిత్రుడిది గ్రేడింగ్, లెక్కలు. ఇద్దరి ఇళ్ళూ ఒడిశా వైపు, పర్లాకిమిడి దగ్గరే. ఉద్యోగంలో ఉండగానే సీజన్లో కలిసి కొంత పిక్క కొని, అమ్మగానే లెక్క తేల్చుకునేవాళ్ళం. దానికి ఒక నోటు పుస్తకం సరిపోయింది. సొంత యూనిట్ పెడదామనుకున్నాక అసలు పని మొదలైంది. మాలాగే పనిలో స్నేహితులై, కలిసి వ్యాపారం చేద్దామనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

"మనలో మనకి కాగితాలెందుకు?" అని ఇంట్లో పెద్దవాళ్ళే అంటారు. స్నేహం బాగున్న రోజుల్లోనే కాగితం రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మనం రాసుకోని విషయాలన్నీ 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం నడుస్తాయి. ఒకరు ఎనిమిది లక్షలు, ఇంకొకరు రెండు లక్షలు పెట్టినా లాభనష్టాలు సగం సగమే. ఎవరు ఎంత పనిచేసినా జీతం అడగడానికి లేదు. ఒప్పుకున్న పెట్టుబడికి మించి ఫర్మ్‌కి, అంటే భాగస్వామ్య సంస్థకి, ఇచ్చిన డబ్బుకి ఏడాదికి 6 శాతం వడ్డీ మాత్రమే. గడువు రాసుకోకపోతే ఇద్దరిలో ఎవరు నోటీసు ఇచ్చినా ఫర్మ్ రద్దవుతుంది. బయటి బాకీలకు మాత్రం ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులే.

అందుకే డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, ముందు పెట్టుబడి రాశాం, తర్వాత లాభం వాటా, వడ్డీ, జీతం. వడ్డీ, జీతం డీడ్‌లో లేకపోతే ఆదాయపన్ను లెక్కలో వాటిని ఖర్చుగా ఒప్పుకోరు. ఫర్మ్‌కి పన్ను లేని మొదటి శ్లాబ్ అంటూ లేదు. మొదటి రూపాయి లాభం నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. భాగస్వాములకు వడ్డీ 12 శాతం దాకా, జీతం మొదటి 6 లక్షల లాభంలో 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, ఆ పైన 60 శాతం దాకా ఒప్పుకుంటారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక భాగస్వామికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ కలిపి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా కోయాలి.

షెడ్డు మిత్రుడి తండ్రిగారి స్థలంలో వేశాం. ఇలాంటి చోట స్థలం ఫర్మ్‌దా, కుటుంబానిదా అన్నది డీడ్‌లో తేటగా ఉండాలి. ఫర్మ్ డబ్బుతో కొన్నది మామూలుగా ఫర్మ్ ఆస్తి కిందకే వస్తుంది. మేం స్థలానికి విడిగా అద్దె ఒప్పందం రాసుకున్నాం. జీఎస్టీకి చిరునామా రుజువుగా కరెంటు బిల్లుతో పాటు అదే పనికొచ్చింది.

డీడ్ ఒడిశాలో సంతకమైతే స్టాంపు ఒడిశాదే కావాలి. పలాసలో దొరికింది కదా అని ఆంధ్రా స్టాంపు పేపరు తెస్తే అది ఇక్కడ చెల్లదు. దీనికన్నా ఎక్కువ తిప్పలు పేర్లతో. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, ఒడియా పద్ధతిలో చివర. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా ఉంటే ఆన్‌లైన్‌లో ఎక్కడో ఒకచోట దరఖాస్తు ఆగిపోతుంది. డీడ్ రాయకముందే ఇద్దరి పాన్, ఆధార్ ఒక్కలా చేయించుకోవాలి. ఆ తర్వాత వరస ఇదీ: డీడ్, ఫర్మ్ పేరున పాన్, బ్యాంకు కరెంట్ ఖాతా, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు), ఆహార లైసెన్సు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు తప్పనిసరి కాదు గానీ దాన్ని వదులుకోకూడదు. నమోదు కాని ఫర్మ్, అరువు తీసుకుని ఎగ్గొట్టిన కొనుగోలుదారు మీద దావా వేయలేదు. జీడిపప్పు బేరమంతా అరువు మీదే నడుస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాల్సింది జీఎస్టీ. మా సంత పలాస, అది వేరే రాష్ట్రం. అక్కడికి పన్ను పడే సరుకు అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువైనా నమోదు ఉండాల్సిందే, 40 లక్షల టర్నోవర్ దాకా నమోదు అక్కర్లేదన్న మినహాయింపు వర్తించదు. కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం కట్టే పద్ధతిలో, ఉన్నవాళ్ళు పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) వేయాలి, లోడు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. ఇంకోటి, రైతు దగ్గర కొన్న పిక్కకి రివర్స్ చార్జ్ (అమ్మినవాడికి బదులు కొన్నవాడు పన్ను కట్టే పద్ధతి) కింద 5 శాతం మనమే కట్టాలి, అదీ నగదుగా. పది లక్షల పిక్క కొంటే మరుసటి నెల 50,000 చేతిలో ఉండాలి. అమ్మకాల పన్నులో అది తర్వాత సర్దుబాటవుతుంది, కానీ కట్టాల్సిన నెలలో చేతిలో ఉన్న డబ్బంతా పిక్కలోనే ఇరుక్కుని ఉంటుంది.

స్నేహితుల మధ్య అనుమానం పుట్టేది సాధారణంగా దిగుబడి దగ్గర. 100 బస్తాలు, బస్తాకి 80 కిలోలు, అంటే 8,000 కిలోలు. పప్పు 25 శాతం వస్తే 2,000 కిలోలు. 23 శాతమే వస్తే 1,840. ఆ 160 కిలోలు ఎటుపోయాయని లెక్కలు చూసేవాడు అడుగుతాడు, ఫ్లోర్ మీద ఉన్నవాడికి అది దొంగతనం అంటగట్టినట్టు వినిపిస్తుంది. నిజానికి పిక్క తడిగా ఉన్నా, తాలు ఎక్కువున్నా, ఆవిరి తక్కువై కోతలో పప్పు విరిగినా తేడా వస్తుంది. అందుకే ప్రతి లాటులో, అంటే ఒకసారి కొన్న సరుకులో, వేర్వేరు బస్తాల నుంచి కలిపి ఒక కిలో పిక్క తీసి ఇద్దరం ఎదురుగా కోసి చూస్తాం. మంచి పప్పు బరువు పూర్తిగా, మచ్చపప్పు సగం లెక్క, తాలు సున్నా. 270 గ్రాములు వచ్చిందంటే బస్తాకి 21.6 కిలోలు. ఇది పొట్టుతో తూకం కాబట్టి, ఆరబెట్టి పొట్టు తీశాక ఇంకా తగ్గుతుంది. ఆ అంకె లాటు పుస్తకంలో రాసి ఇద్దరం సంతకం పెడతాం. తర్వాత గుండు (విరగని పప్పు), బద్ద (సగం పప్పు), ముక్క విడివిడిగా తూచి అదే పేజీలో రాస్తాం. మా మధ్య డీడ్ కన్నా ఎక్కువ పనిచేసింది ఈ పుస్తకమే అంటాను.

లాభం ఎప్పుడు లెక్కేస్తామన్నది ఇంకో చిక్కు. పిక్క మార్చి నుంచి మే దాకా వస్తుంది, లెక్కల ఏడాది మార్చి 31న ముగుస్తుంది. సరిగ్గా ఖాతాలో డబ్బు లేక గోడౌన్ నిండుతున్న సమయం. పిక్కని కొన్న ధరకి, పప్పుని అయిన ఖర్చు, బజారు ధరల్లో తక్కువ దానికి కట్టి నిల్వ లెక్క తేలాకే లాభం పంచాలి. ఇంటి ఖర్చుకి మాత్రం నెలనెలా ఒకే మొత్తం, ఇద్దరికీ ఒకే తేదీన.

బ్యాంకులో 50,000 దాటితే ఇద్దరి సంతకాలు పెట్టుకున్నాం. క్యూఆర్ కోడ్ ఫర్మ్ ఖాతాదే గోడకి ఉండాలి. ఎవరి ఫోన్‌కి వాళ్ళు డబ్బు వేయించుకోవడం మొదలైతే ఏది అమ్మకమో, ఏది చేబదులో ఆర్నెల్లలో ఎవరూ చెప్పలేరు.

విడిపోయే షరతు రాయడానికి మనసు ఒప్పుకోదు, కానీ రాయాలి. ఎవరు విలువ కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, పేరు ఎవరికి ఉంటుంది, అన్నీ. మరణం సంగతి మరీ ముఖ్యం. ఇద్దరే ఉన్న ఫర్మ్‌లో ఒకరు పోతే, "ఫర్మ్ కొనసాగుతుంది" అని రాసుకున్నా ఒక్క మనిషితో భాగస్వామ్యం ఉండదు. వారసుడు ఒప్పుకుంటే చేర్చుకోవాలి, లేదంటే మిగిలినవాడు వ్యాపారం తీసుకుని ఆ కుటుంబానికి వాటా చెల్లించాలి. మేం రెండూ రాసి, దానికి తోడు ఇద్దరి భార్యల్నీ చిన్న వాటాలతో చేర్చాం.

ఆ తర్వాత నూనె తీసేవాళ్ళకి పిక్క డొల్ల అమ్మే పని మొదలైంది. అందులో బండి నాది కాబట్టి వాటాలు వేరు. పాత డీడ్ మీద కొట్టివేతలు చేయకుండా కొత్త స్టాంపు మీద అనుబంధ డీడ్ రాశాం. దాని నకలు బ్యాంకుకీ, ఆడిటర్‌కీ ఇచ్చాం.