పొడి ప్లగ్గు

గడ్డి కోసే మిషను స్టార్టు కాకపోతే, దాని ఇంజన్లో రవ్వ పుట్టించి పెట్రోలును అంటించే ప్లగ్గు విప్పి చూశాను. పొడిగా ఉంది. చోక్ (గాలిని తగ్గించి పెట్రోలు ఎక్కువ అందేలా చేసే మూత) మూసి, చేయి నొప్పి పుట్టేదాకా తాడు లాగిన తరువాత కూడా దాని కొన మీద పెట్రోలు తడి లేదు. ఈ రోజు మొత్తంలో నాకు నచ్చిన క్షణం అదే. అప్పటిదాకా నలువైపులా తిరుగుతున్న అనుమానం ఒక్కసారిగా పెట్రోలు దారి పట్టింది. ప్లగ్గు తడిసి ఉంటే రవ్వను అనుమానించాలి, పొడిగా ఉంటే పెట్రోలును. ఇంత చవకైన సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు.

ఈ గడ్డి కోసే మిషను ఇంటితోపాటు వచ్చింది. ముందున్నవాళ్ళు షెడ్డులో ఒక మూల వదిలేసి వెళ్ళారు. తమ్ముడికి ఫోనులో చెబితే, "అన్నయ్యా, కార్బ్యురేటర్ మార్చెయ్యి, లేదంటే మిషనే మార్చెయ్యి" అన్నాడు. కార్బ్యురేటర్ అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు అందించే భాగం. వాడి వైద్యం ఎప్పుడూ అంతే, జబ్బు తెలియకముందే మందు. నాకు ఆ పద్ధతి సరిపడదు. తోచిన భాగమల్లా మార్చుకుంటూ పోతే చివరికి ఇంజన్ నడిచినా, ఎందుకు నడిచిందో తెలియకుండా పోతుంది. అది తెలియకపోతే నాకు నిద్ర పట్టదు.

అయినా ఒక్క పొడి ప్లగ్గును నమ్మి కార్బ్యురేటర్ మీద పడలేదు. పెట్రోలు మూత తెరవకముందే రవ్వ సంగతి తేల్చుకోవాలనిపించింది. ప్లగ్గును దాని తీగకు తగిలించి, లోహపు భాగం ఇంజన్‌కు ఆనేలా పెట్టి, హ్యాండిల్ మీది కడ్డీ నొక్కి పట్టుకుని తాడు లాగాను. ఆ కడ్డీ వదిలితే ప్లగ్గుకు విద్యుత్తు ఇచ్చే తీగచుట్ట, అంటే కాయిల్, ఎర్త్ అయిపోయి రవ్వ పడదు. ఆ కడ్డీ తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయినా ఇంజన్ చచ్చినా స్టార్టు కాదు, మనం మాత్రం ప్లగ్గును తిట్టుకుంటూ కూర్చుంటాం. రెండు మొనల మధ్య నీలంగా, చిటుక్కుమంటూ రవ్వ పడింది. సందు కాస్త ఎక్కువగా ఉందనిపించి, ఈ రకం ఇంజన్లలో చాలావాటికి చెప్పే 0.76 మిల్లీమీటర్లకు సరిచేశాను.

బ్యాటరీ లేకుండా ఆ రవ్వ పుట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటే. ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌లో బిగించిన అయస్కాంతం కాయిల్ పక్కనుంచి వేగంగా దూసుకుపోతుంది, అంతే. ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆంగ్లేయుడు గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నది 1830లో. అయస్కాంతాన్ని కదిలిస్తే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే చూపింది 1831లో. ఏడాది తేడాతో వచ్చిన ఆ రెండూ ఒకే మిషనులో కలుసుకోవడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

రవ్వ ఉంది. తాడు లాగుతుంటే మధ్యలో గట్టిగా అడ్డుపడుతోంది కాబట్టి సిలిండర్లో గాలి నొక్కుకోవడం, అంటే కంప్రెషన్ కూడా ఫరవాలేదు. దాన్ని గేజీతో కొలవడం ఈ చిన్న ఇంజన్లలో అంత నమ్మదగిన పని కాదు. తాడు తేలిగ్గా రావడానికి స్టార్టింగ్ సమయంలో వాల్వును కాస్త తెరిచి ఉంచే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది, అందుకని అంకె తక్కువగానే చూపిస్తుంది.

ఇక అసలు పరీక్ష. గాలి ఫిల్టరు తీసి, కార్బ్యురేటర్ గొంతులో తాజా పెట్రోలు నాలుగు చుక్కలు వేసి, ఫిల్టరు మళ్ళీ పెట్టి లాగాను. ఇంజన్ ఒక్కసారి గర్జించి, ఆ చుక్కలు అయిపోగానే ఆగిపోయింది. ఆ కాసేపటి గర్జనతోనే చాలా తేలిపోయింది. రవ్వ, కంప్రెషన్, రవ్వ పడే వేళ (టైమింగు) మూడూ సరిగ్గా ఉన్నాయన్నమాట. బ్లేడు రాయికి తగిలి, ఫ్లైవీల్ను ఇరుసు మీద సరైన చోట పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (కీ) కోసుకుపోయిందేమో, రవ్వ వేళ తప్పి పడుతోందేమో అన్న భయం కూడా పోయింది. ఫ్లైవీల్ ఊడదీసే పని తప్పింది.

ట్యాంకులోని పాత పెట్రోలును డబ్బాలోకి దించితే వార్నిష్ వాసన వేసింది, రంగు టీ డికాషన్‌లా ముదిరింది. కార్బ్యురేటర్ కింది గిన్నె విప్పాను. అడుగున జిగురు పొర, దాని మీద నీటి బొట్లు, అంచుల చుట్టూ తెల్లని పొక్కులు. పెట్రోలులో ఇథనాల్ కలిపి ఉంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీళ్ళతో కలిసి అడుగుకు దిగుతుంది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న మిషనులో ఆ నీళ్ళకు వేరే పనేముంది, లోహాన్ని తినడం తప్ప.

ఈ కార్బ్యురేటర్‌లో గిన్నెను పట్టి ఉంచే ఇత్తడి బోల్టే జెట్టు కూడా, అంటే పెట్రోలు కొలతగా వెళ్ళే రంధ్రమున్న భాగం. దాని నడుమ ఒక రంధ్రం, పక్కన మర గీతల దగ్గర వెంట్రుక దూరేంత ఇంకొకటి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పెద్దదానిలోంచి మసక వెలుగు, చిన్నదానిలోంచి ఏమీ లేదు. ఇనుప సూదితో పొడిస్తే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, ఆ తరువాత పెట్రోలు ఎప్పుడూ ఎక్కువే దిగుతుంది. పాత కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, క్లీనరులో నానబెట్టిన బోల్టులోకి నెమ్మదిగా తిప్పుతూ దూర్చాను. చాలాసేపటికి గోధుమరంగు ముద్ద ఒకటి బయటికి వచ్చింది, ఆవగింజలో సగం కూడా లేదు. ఇంత మిషనును పడుకోబెట్టింది అదే!

మళ్ళీ బిగించి కొత్త పెట్రోలు పోసి లాగితే దగ్గి, తెల్లని పొగ వదిలి, నడిచింది. నేనింకా పానాలు సర్దుకుంటుండగానే ఆగిపోయింది. ఈసారి కోపం వచ్చింది. కానీ ట్యాంకు మూత వదులు చేయగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలోని గాలి రంధ్రం గడ్డి ధూళితో పూడిపోయింది. పెట్రోలు దిగేకొద్దీ దాని స్థానంలోకి గాలి రావాలి, అది రాకపోతే పెట్రోలూ దిగదు. ఆ రంధ్రం శుభ్రం చేశాక మరి ఆగలేదు. కోత ఎత్తు బాగా పెంచి పెరడులో సగం కోశాను.

బ్లేడు మొద్దుబారింది, గడ్డిని కోయడం లేదు, చీలుస్తోంది. రేపు దాని పని పట్టాలి. ముందుగా ప్లగ్గు తీగ పీకి పక్కన కట్టేయాలి, ఆ తరువాత కార్బ్యురేటర్ పైకి ఉండేలా మిషనును వంచాలి. వేరే వైపు వంచితే ఆయిలు గాలి ఫిల్టరులోకి దిగి, ఎల్లుండి మళ్ళీ ప్లగ్గు విప్పుకుంటూ కూర్చోవాలి.