సగం నొక్కిన బటన్

కణితి జింక వెళ్లిపోయాక చూసుకుంటే కెమెరాలో ఒక్క ఫొటో కూడా లేదు.

ఈ రోజు తెల్లవారుతుండగా తలకోనలో, జలపాతానికి వెళ్లే దారి మలుపులో నిలబడి ఉంది. ఇరవై అడుగుల దూరం ఉంటుందేమో. ఒక చెవి మాత్రం నా వైపు తిప్పింది. కొమ్ముకు ఎండుతీగ ఒకటి చుట్టుకుని వేలాడుతోంది. ఆ తీగ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది, మిగతాదంతా మసకే.

నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమోనని భయం వేసింది. నోరు ఎండిపోయింది. మోకాళ్లు నా మాట వినలేదు. బటన్ నొక్కుతూనే ఉన్నానని ఒట్టేసి చెప్పగలను. నొక్కింది సగమే! ఫోకస్ కుదిరిందని పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, షట్టర్ మాత్రం పడలేదు. అది ముందుకాలు నేలకేసి కొట్టి, తోక పైకెత్తి పొదల్లోకి దూకేసింది.

అమెరికా వేటగాళ్లు దీన్నే ‘బక్ ఫీవర్’, అంటే మగజింక జ్వరం, అంటారు. అడ్రినలిన్ అనే హార్మోన్ చేసే పని. ఒక్కసారీ పేల్చకుండానే తూటాలన్నీ తుపాకీలోంచి లాగి పడేసి, కాల్చేశామనుకునేవాళ్లూ ఉంటారట. చదివినప్పుడు బాగా నవ్వుకున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం కదా, ఇక ఆ జ్వరం మనకెందుకు వస్తుందిలే అనుకున్నాను. కెమెరా పట్టుకున్నా వస్తుందని ఎవరూ చెప్పలేదు మరి.

తిరుపతి బస్సు భాకరాపేట ఘాట్ దిగుతున్నప్పుడు కూడా చూపుడువేలు అదురుతూనే ఉంది. పక్క సీటు పెద్దాయన “చలిగా ఉందా నాయనా?” అంటూ కిటికీ మూసేశారు.

అవునని తల ఊపాను.