హాస్కెల్‌లో టెస్టులు పాస్ అంది కదా అని నమ్మేయకండి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో యూనిట్ టెస్టులంటే (కోడ్‌లోని చిన్న ముక్కలను విడివిడిగా పరీక్షించడం) పెద్ద తలనొప్పి అని అందరూ భయపెడతారు. మొదలుపెట్టడం వరకైతే ఏమీ లేదు. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్ వేసుకుంటే కంపైలరు, కోడ్‌ను బిల్డ్ చేసి టెస్టులు నడిపే కబాల్ రెండూ వచ్చేస్తాయి. ‘హిడెన్ ప్యాకేజ్’ అని ఎర్రర్ వస్తే కబాల్ ఫైల్‌లో టెస్ట్-సూట్ విభాగం కింద కూడా హెచ్‌యూనిట్ (టెస్టులు రాయడానికి వాడే ప్యాకేజీ) పేరు రాయండి. పైన ‘లైబ్రరీ’ విభాగంలో రాసింది టెస్టులకు వర్తించదు.

నన్ను ఏడిపించింది ఆ తర్వాతి సంగతి.

మేం చేస్తున్నది బిల్లింగ్ ప్రోగ్రామ్. జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్నును దగ్గరి రూపాయికి సర్దాలి. 50 పైసలు, ఆపైన ఉంటే పై రూపాయి. అంటే 112.50కి 113 రావాలి. టెస్టు అలాగే రాశాను. ‘కబాల్ టెస్ట్’ కొడితే పాస్. సర్వర్‌లోనూ పచ్చ టిక్కే. మీటింగ్‌లో అందరి ముందూ ధైర్యంగా చెప్పాను, రౌండింగ్ టెస్టులన్నీ పాసయ్యాయని. క్లయింట్ తరఫు అకౌంటెంట్ గారు ఒక బిల్లు ముందుకు జరిపి, “మరి ఇందులో 112 ఉందేంటండీ?” అన్నారు. నోట మాట రాలేదు.

లాగ్ ఫైల్ తెరిచి చూస్తే అందులో స్పష్టంగా ఉంది: ‘ఎక్స్‌పెక్టెడ్ 113, బట్ గాట్ 112’. కింద ‘ఫెయిల్యూర్స్: 1’. అయినా కబాల్ పాస్ అంటోంది!

కారణం ఇది. మన టెస్ట్-సూట్ రకం ‘ఎగ్జిట్‌కోడ్’ కాబట్టి కబాల్ చూసేది ప్రోగ్రామ్ ఏ నంబరుతో ముగిసిందన్నదే. సున్నా అయితే పాస్. టెస్టులను నడిపే హెచ్‌యూనిట్ ఫంక్షన్ ‘రన్‌టెస్ట్‌టీటీ’ ఎన్ని ఫెయిలయ్యాయో లెక్క చెప్పి ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ సున్నాతోనే ముగుస్తుంది. దాని బదులు ‘రన్‌టెస్ట్‌టీటీఅండ్‌ఎగ్జిట్’ వాడండి. పాత వెర్షన్‌లో అది లేకపోతే ఎర్రర్లు, ఫెయిల్యూర్లు కలిపి సున్నా కంటే ఎక్కువైతే ‘ఎగ్జిట్‌ఫెయిల్యూర్’ పిలవండి. కబాల్‌లో ‘టెస్ట్-షో-డీటెయిల్స్’ ఆప్షన్‌ను ‘డైరెక్ట్’ చేస్తే అవుట్‌పుట్ అంతా కళ్లముందే కనిపిస్తుంది.

నేను డబ్బు కట్టి చూసిన ఆన్‌లైన్ కోర్సులో మెయిన్‌లో ‘రన్‌టెస్ట్‌టీటీ’ ఒక్క లైను రాసి పాఠం ముగించారు. ఫెయిలయ్యే టెస్టు ఒక్కటి కూడా నడిపి చూపించలేదు. మోనాడ్ల లాంటి హాస్కెల్ సిద్ధాంతాల గురించి గంటలకొద్దీ చెప్పేవాళ్లకు ఈ రెండు నిమిషాలు దొరకలేదా? డబ్బు లెక్కలు చేసే కోడ్ ఇది. నేర్పేవాళ్లకు ఆ బాధ్యత ఉండాలి. మీరు మాత్రం మొదటి టెస్టుగా ఒకటికి రెండు సమానం అని రాసి, అది ఫెయిలైతేనే ముందుకు కదలండి.

ఇక 112 ఎలా వచ్చిందంటే, హాస్కెల్ ‘రౌండ్’ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది. 2.5కి 2, 3.5కి 4. అందుకే దాన్ని తీసేసి మొత్తాన్ని పైసల్లో పూర్ణసంఖ్యగా ఉంచి, 50 కలిపి 100తో ‘డివ్’ (శేషం వదిలేసే భాగహారం) చేశాను. అకౌంటెంట్ గారినే అడిగి 50 పైసల చుట్టూ తిరిగే బిల్లులు టెస్టుల్లోకి ఎక్కించాను: 112.49, 112.50, 113.50. చివరిదానికి పాత కోడ్‌లోనూ 114 సరిగ్గానే వచ్చేది. సరిగ్గా 50 పైసలున్న బిల్లుల్లోనూ కొన్ని ఇలా సరిపోతుండటం వల్లే అంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు.